పోలీసులు ఫోను అడుగుతున్నారు, పత్రిక క్షమాపణ అడుగుతోంది

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండల కేంద్రం నుంచి దినపత్రికకు కంట్రిబ్యూటరుగా పనిచేస్తున్నాను. మా మండలంలోని ఒక గ్రామంలో సీసీ రోడ్డు సగమే వేసి, మొత్తం వేసినట్టు ఎం-బుక్‌లో (పని కొలతలు నమోదు చేసే పుస్తకంలో) రాసుకుని బిల్లు డ్రా చేశారని గత నెల వార్త రాశాను. ఆ ఎం-బుక్ పేజీల ఫొటోలు కార్యాలయంలోని ఒక చిరుద్యోగి నాకు పంపారు. వార్త వచ్చాక స్టేషన్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 353, 356 కింద కేసు కట్టామంటూ, 35(3) నోటీసు ఫొటోను వాట్సాప్‌లో పంపారు. సోమవారం ఫోను తీసుకుని రమ్మన్నారు. "ఎవరిచ్చారో చెప్తే నిన్ను సాక్షిగా చూపిస్తాం" అని ఎస్సై గారు అంటున్నారు. పైనుంచి ఫోను వచ్చిందని, క్షమాపణ రాసిస్తే గొడవ సద్దుమణుగుతుందని మా ఎడిషన్ ఇన్‌చార్జి అంటున్నారు. ఆ కాంట్రాక్టరు జనవరి 1కి మా పత్రికకు నా ద్వారానే ప్రకటన ఇచ్చాడు. ఇంట్లో ఈ పని మానేయమంటున్నారు. పేరు చెప్పాలా? ఫోను ఇవ్వాలా? క్షమాపణ రాయాలా?

జవాబు: సోమవారం దగ్గర పడుతోంది కాబట్టి ముందు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఫొటోలు ఎవరిచ్చారో స్టేషన్లో చెప్పకండి. నోటిమాట మీద ఫోను ఇవ్వకండి. క్షమాపణ రాయకండి. స్టేషనుకు మాత్రం తప్పకుండా వెళ్లండి, న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లండి. నేను ఇక్కడ రాసేది ఆ న్యాయవాదితో మీరు కూర్చుని మాట్లాడుకోవడానికి పనికొస్తుందే తప్ప, ఆయన సలహాకు బదులు కాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ఇంత జరిగినా మీ చేతిలో ఒక్క కాగితం లేదు. కానిస్టేబులు ఫోను చేశారు, నోటీసు ఫొటో వచ్చింది, ఎస్సై గారు నోటితో ఒక బేరం పెట్టారు, ఇన్‌చార్జి గారికి "పైనుంచి" ఎవరో ఫోను చేశారు. రేపు ఎవరైనా అడిగితే వీరిలో ప్రతి ఒక్కరూ "మేమేమీ ఒత్తిడి చేయలేదు, ఊరికే మాట్లాడామంతే" అని చెప్పగలరు, దాన్ని కాదనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. ఈ రోజుల్లో విలేకరుల మీద ప్రభుత్వ ఒత్తిడి చాలావరకు ఇలాగే నడుస్తుంది. కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని, నిజానికి చివరిదాకా చేయవలసిన పని కూడా, మీ దగ్గరికి నోటిమాటగా వచ్చిన ప్రతిదాన్నీ కాగితం మీదికి రప్పించడం.

కాగితం పత్రికలకు ఎప్పుడూ మేలే చేసింది, అది మన మీద ఇచ్చిన ఉత్తర్వు అయినా సరే. మద్రాసు ప్రభుత్వం 1950 మార్చి 1న 'క్రాస్ రోడ్స్' వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు రాతలో ఉన్నందువల్లనే ఆ పత్రిక సంపాదకుడు రమేశ్ థాపర్ దాన్ని నేరుగా సుప్రీంకోర్టు ముందు పెట్టగలిగారు, మే 26న కొట్టివేయించగలిగారు. ఎమర్జెన్సీలో వరస తిరగబడింది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికా కార్యాలయాలకు ముందు కరెంటు పోయింది, సెన్సారు ఉత్తర్వులు ఆ తర్వాత వచ్చాయి. మన రాష్ట్రంలోనే చూడండి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పత్రికల మీద కేసులు వేయడానికి వీలుగా జీవో 938 తెస్తే, అది అందరి కళ్ల ముందూ ఉంది కనుక జర్నలిస్టులు రోడ్డెక్కి పక్కన పెట్టించగలిగారు. 2019 అక్టోబరు 30న వచ్చిన జీవో 2430 నిరాధార వార్తల మీద ఫిర్యాదులు, కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు అప్పగించినప్పుడూ అంతే, ఏ అధికారం ఎవరి చేతికి పోతోందో అందరూ చదివి నిలదీయగలిగారు. స్టేషన్ నుంచి వచ్చే ఫోనును ఏ కోర్టులో సవాలు చేస్తారు?

ఇక నోటీసు సంగతి. 35(3) అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు. పాత చట్టంలో ఇదే 41ఏ. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన తర్వాత ఈ నోటీసులు వాడుకలోకి బాగా వచ్చాయి. మీరు తెలుసుకోవలసిన రెండో సంగతి, ఇలాంటి నోటీసును వాట్సాప్‌లోనో మరో ఎలక్ట్రానిక్ మార్గంలోనో పంపకూడదని సతేందర్ కుమార్ అంటిల్ కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అంటే మీ ఫోనులో ఉన్న ఫొటో చట్టప్రకారం అందిన నోటీసు కాదు. అయినా దాన్ని సాకుగా పెట్టుకుని వెళ్లకుండా ఉండిపోవద్దు. "నోటీసు ఇచ్చాం, రాలేదు" అనే వాక్యం రిమాండు రిపోర్టులో ఎలా కనిపిస్తుందో మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ఈ రోజే తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, ఒక ప్రతి స్టేషన్లో ఇచ్చి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. స్టేషన్లో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. వాక్యాలు ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన ఫలానా నంబరు నుంచి నాకు వాట్సాప్‌లో ఒక నోటీసు ఫొటో అందింది. దర్యాప్తుకు సహకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను, సోమవారం నా న్యాయవాదితో హాజరవుతాను. దయచేసి నోటీసును, ఎఫ్ఐఆర్ ప్రతిని నాకు చట్టప్రకారం అందజేయగలరు. నా ఫోను అవసరమని మౌఖికంగా చెప్పారు. అది ఏ సెక్షన్ కింద, ఏ సమాచారం కోసం అవసరమో రాతపూర్వకంగా తెలుపగలరు."

ఇందులో ధిక్కారం లేదు, ప్రాధేయపడటమూ లేదు. మర్యాద తగ్గించకుండా రాసిన కాగితం పై అధికారి దగ్గరికి వెళ్లినా, కోర్టుకు వెళ్లినా మీ పక్షాన మాట్లాడుతుంది.

పెట్టిన సెక్షన్లను కూడా ఒకసారి చూద్దాం. 356 అంటే పరువు నష్టం. ఇందులో బాధితుడు మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి తప్ప ఎఫ్ఐఆర్‌కు వీల్లేదని 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 353 అంటే ప్రజల్లో భయం, వర్గాల మధ్య శత్రుత్వం వంటివి రేపేలా తప్పుడు వార్తలు వ్యాప్తి చేయడం. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సదుద్దేశంతో ప్రచురించిన వారికి ఆ సెక్షన్లోనే మినహాయింపు రాసి ఉంది. సగం రోడ్డుకు పూర్తి బిల్లు అన్న వార్త ఎవరిని ఎవరి మీదికి ఉసిగొల్పుతుందో నాకైతే తోచలేదు. పైగా, మాటకూ రాతకూ సంబంధించిన ఫిర్యాదుల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య ఉండే చోట, కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపడమే తగినదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ హైకోర్టులో ఎఫ్ఐఆర్ రద్దు కోరడానికి మీ న్యాయవాదికి పనికొచ్చే వాదనలు. స్టేషన్లో వీటిని ఏకరువు పెట్టి ఎస్సై గారితో తగవు పడకండి, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

"సాక్షిగా చూపిస్తాం" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మీకు వచ్చింది 35(3) నోటీసు. సాక్షిని పిలవాలంటే అదే సురక్షా సంహితలోని 179 కింద పిలుస్తారు. నిందితుడిగా పిలిచి సాక్షిని చేస్తామనడం బేరం, దానికి చట్టంలో హామీ లేదు. మీరు పేరు చెప్పిన మరుక్షణం వారికి మీతో పని తీరిపోతుంది, కేసు మాత్రం మీ మీద అలాగే ఉంటుంది. నిందితుడిగా ఉన్నవారిని తమకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది. ఆ రక్షణ పోలీసు స్టేషన్లో అడిగే ప్రశ్నలకు కూడా వర్తిస్తుందని నందిని సత్పతి కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు చేసి ప్రశ్నిస్తే, విచారణ పొడుగునా కాకపోయినా మధ్యలో న్యాయవాదిని కలుసుకునే హక్కు సురక్షా సంహితలోని 38వ సెక్షన్ ఇస్తోంది. ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు: దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద, అది చెప్పిన వ్యక్తి సంతకం పెట్టకూడదని 181వ సెక్షన్‌లోనే ఉంది. "ఇక్కడో సంతకం పెట్టి వెళ్లిపో" అంటే మీ న్యాయవాది వైపు చూడండి. తెల్లకాగితం మీదైతే అసలే వద్దు.

మీ సమాచారదాత విషయంలో మీకు తీపి కబురు చెప్పలేను. వార్తకు ఆధారాన్ని దాచుకునే హక్కును విలేకరికి ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. కక్షిదారు తనతో చెప్పుకున్నదాన్ని బయటపెట్టనక్కర లేకుండా న్యాయవాదికి ఉన్న రక్షణ మీకు లేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ఆధారం చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదంటుంది గానీ, అది కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితం. లా కమిషన్ తన 93వ నివేదికలో 1983లోనే సాక్ష్య చట్టంలో ఇలాంటి రక్షణ చేర్చమని సిఫారసు చేసింది. నలభై ఏళ్లు గడిచి, పాత సాక్ష్య చట్టం స్థానంలో కొత్తది వచ్చినా ఆ సిఫారసుకు చోటు దొరకలేదు. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం చెక్కుచెదరలేదని గమనించండి. ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్ మీద నడిచిన పెగాసస్ కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, సమాచార మూలాల రక్షణ పత్రికా స్వేచ్ఛకు ప్రాథమిక అవసరమని, అది లేకపోతే ప్రజాప్రయోజన సమాచారం ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారని చెప్పింది. కోర్టులో మీరు చేయి పెట్టి ఆనుకోగల గోడ ఇప్పటికి అదే. కాబట్టి నిజాయతీగా చెప్పాలంటే, స్టేషన్లో అడిగినప్పుడు "నా వృత్తి ధర్మం ప్రకారం చెప్పలేను" అని మర్యాదగా అనవచ్చు. రేపు న్యాయస్థానమే ఆదేశిస్తే మాత్రం ఆ ఆదేశాన్ని పై కోర్టులో సవాలు చేయడమో, పర్యవసానాన్ని భరించడమో మీరు తేల్చుకోవాలి.

ఫొటోలు పంపిన ఆ ఉద్యోగి స్థితి మీకన్నా బలహీనం. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1964, అనుమతి లేకుండా అధికారిక సమాచారాన్ని బయటికి ఇవ్వడాన్ని నిషేధిస్తోంది. ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టం 2014లో ఆమోదం పొందినా అమలులోకి రాలేదు, వచ్చినా పత్రికలకు సమాచారం ఇచ్చినవారికి అది వర్తించేది కాదు. మీకు కేసు నడుస్తుంది, ఆయనకు ఉద్యోగం పోతుంది. అందువల్ల మీరు పేరు చెప్పకపోవడం ఒక్కటే సరిపోదు. అచ్చయిన మీ వార్తను మళ్లీ తీసి చూడండి. ఎం-బుక్ ఫొటోను డెస్కు యథాతథంగా వేసిందా? పేజీ అంచున బల్ల మీది అద్దం, ఫైలు కట్టిన తాడు, పట్టుకున్న బొటనవేలు కనబడుతున్నాయా? ఆ పుస్తకం నలుగురైదుగురి చేతుల్లోనే తిరుగుతుంది కాబట్టి, ఫొటో తీసిన కోణాన్ని బట్టే ఎవరి సీటో పోల్చుకునేవారు కార్యాలయంలో ఉంటారు. ఆన్‌లైన్ ప్రతిలో ఫొటో ఉంటే, అసలు కాపీని భద్రపరచి, అవసరమైన అంకెలున్న భాగం మాత్రమే కనిపించేలా కత్తిరించమని డెస్కును అడగవచ్చేమో న్యాయవాదితో మాట్లాడండి. ఈలోగా ఆ ఉద్యోగికి మీ ఫోను నుంచి కాల్ గానీ మెసేజీ గానీ చేయవద్దు. ధైర్యం చెబుదామని చేసే ఒక్క కాలే ఆయనను పట్టిస్తుంది.

అలాగని ఫోనులో ఉన్నవాటిని చెరిపేయాలనే ఆలోచన వస్తే దాన్ని అక్కడే ఆపండి. కేసు తెలిసిన తర్వాత ఆధారాలను చెరపడం విడిగా మరో నేరం. ఇప్పుడు మీ మీద ఉన్న కేసు బలహీనమైనది, దానికి మీ చేతులతో బలం చేకూర్చవద్దు. ఫోను విషయంలో చట్టం ఇంకా తేలలేదు. సురక్షా సంహితలోని 94వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ పరికరాలను కూడా హాజరుపరచమని రాతపూర్వకంగా అడగవచ్చు. అయితే పాత చట్టంలోని ఇలాంటి సెక్షన్ నిందితుడికి వర్తించదని శ్యామలాల్ మోహన్‌లాల్ చోక్సీ కేసులో 1964లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సోదా చేసి స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు విడిగా ఉంది. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్న విషయంలో న్యాయస్థానాలు ఒకే మాట మీద లేవు. విలేకరుల పరికరాలను స్వాధీనం చేసుకునే పద్ధతి మీద 2023 నవంబరులో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆందోళన వ్యక్తం చేసి, మార్గదర్శకాలు రూపొందించమని కేంద్రానికి చెప్పింది.

అందువల్ల ఫోను తీసుకుంటామని పట్టుబడితే పెనుగులాడకండి, కానీ ఊరికే చేతిలో పెట్టి రాకండి. పంచనామా రాయించండి. అందులో ఫోను మోడల్, ఐఎంఈఐ నంబరు, తీసుకున్న సమయం ఉండాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని అదే సంహితలోని 105వ సెక్షన్ చెబుతోంది, తీయమని అడగండి. ఫోనులోని సమాచారానికి హాష్ విలువ (ఆ సమాచారాన్ని బట్టి లెక్కకట్టే ప్రత్యేక సంఖ్య) నమోదు చేసి ఇమ్మనండి. అది ఉంటే తర్వాత ఎవరైనా లోపల ఏదైనా కలిపినా, తీసినా బయటపడుతుంది. ఒప్పుకోకపోతే, అడిగారని, ఒప్పుకోలేదని మీ న్యాయవాది అప్పటికప్పుడు రాసి ఇస్తారు. మళ్లీ కాగితమే.

ఎడిషన్ ఇన్‌చార్జి గారి క్షమాపణ సలహా నాకు పోలీసు నోటీసుకన్నా ఎక్కువ చిరాకు కలిగించింది. క్షమాపణ అంటే వార్త తప్పని మీరే రాసివ్వడం. రేపు 353 కేసులో మొట్టమొదటి సాక్ష్యం అదే అవుతుంది. దాని బదులు సంబంధిత ఇంజినీరు నుంచో, కాంట్రాక్టరు నుంచో రిజాయిండర్ (ఖండన) వస్తే, వార్త వేసిన చోటే, అంత ప్రాధాన్యంతోనే వేయమనండి. ఎదుటివారి మాటకు చోటివ్వడం పత్రికకు గౌరవమే, అది మీ వార్తను బలహీనపరచదు. అసలు వార్తలో వారి వివరణ తీసుకున్నారా? "వివరణ కోరగా ఫోనులో అందుబాటులోకి రాలేదు" అనే మన పడికట్టు వాక్యంతో సరిపెట్టి ఉంటే, ఎన్నిసార్లు, ఏ సమయానికి కాల్ చేశారో ఇప్పుడే కాల్ లాగ్ చూసి రాసి పెట్టుకోండి. రోడ్డు కొలతలను మీరు స్వయంగా చూశారా, ఎవరితో కలిసి చూశారు, ఏ రోజు, అన్నీ జ్ఞాపకం ఉండగానే రాయండి. సదుద్దేశం అని కోర్టులో చెప్పినంత మాత్రాన చెల్లదు, ఇలాంటి వివరాలతోనే అది నిలబడుతుంది. క్షమాపణ కావాలంటే ఆ మాట మెయిల్లో పంపమని ఇన్‌చార్జి గారిని కోరండి. బహుశా పంపరు. పంపకపోవడమే మీకు జవాబు.

ప్రకటన విషయం మీరే చెప్పుకున్నారు, మంచిదే. వార్త రాసేవాడికే ప్రకటనల టార్గెట్లు పెట్టి, లైన్ అకౌంటు (అచ్చయిన వార్తల లెక్కన ఇచ్చే ప్రతిఫలం) పేరుతో నెలకు ఇంత అని ఇచ్చి, సంకటం వచ్చినప్పుడు "నువ్వు మా ఉద్యోగివి కాదు" అనే యాజమాన్యాలు ఈ ఒత్తిడిలో సగభాగాన్ని తామే తయారు చేస్తున్నాయి. డబ్బు ఇవ్వలేదని వార్త రాశాడని కాంట్రాక్టరు అనడం ఖాయం. జనవరి ప్రకటన మొత్తం పత్రిక ఖాతాకు జమ అయిన రశీదు తెచ్చి దగ్గర పెట్టుకోండి. ఈ కేసు తేలేదాకా అతని దగ్గరికి ప్రకటన కోసం వెళ్లవద్దు, మరొకరిని పంపమని చెప్పండి. అక్రిడిటేషన్ కార్డు రద్దు చేస్తామన్న బెదిరింపు వస్తే బెంబేలెత్తకండి, అది బస్సు రాయితీ వంటి సౌకర్యాలకే తప్ప వార్త రాసే హక్కుకు ఆధారం కాదు.

పత్రిక వెనక నిలవకపోతే మీ యూనియన్ను, ప్రెస్ క్లబ్బును కలవండి. ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. కౌన్సిల్‌కు ఎవరినీ శిక్షించే అధికారం లేదు, ప్రభుత్వంతో సహా ఏ అధికారి ప్రవర్తన మీదైనా వ్యాఖ్యానించగలదు మాత్రమే. కానీ అక్కడి నుంచి వివరణ కోరుతూ వచ్చే ఉత్తరానికి జిల్లాలో ఎవరో ఒకరు సంతకం పెట్టి జవాబివ్వాలి.

పని మానేయాలా అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేను. ఇంట్లోవారి భయం అర్థం లేనిది కాదు, వారిని కూడా న్యాయవాది దగ్గరికి తీసుకెళ్లి అసలు ముప్పు ఎంతవరకో వినిపించండి. ఒక్కటి మాత్రం తేల్చుకోండి: మానేసినా కేసు మీతోనే వస్తుంది, క్షమాపణ రాసి మానేస్తే మరీ గట్టిగా వస్తుంది.

సోమవారం గడిచాక మరో పని ఉంది. మీ న్యాయవాది సరేనంటే, మీ పేరు మీద కాకుండా ఆ గ్రామస్థుల్లో ఒకరి చేత సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. ఆ రోడ్డు పనికి సంబంధించిన ఎం-బుక్, అంచనాలు, బిల్లులు, చెక్ మెజర్‌మెంట్ వివరాల ధ్రువీకృత నకళ్లు అడగమనండి. 30 రోజుల్లో ఇవ్వాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం వ్యక్తిగత సమాచారం అనే మినహాయింపును అడ్డుపెట్టుకునే అవకాశం పెంచినా, ప్రజాధనంతో వేసిన రోడ్డు కొలతలు ఎవరి వ్యక్తిగత సమాచారమూ కావు, ప్రజాప్రయోజనం కోసం వెల్లడించే, సమాచార హక్కు చట్టంలోని 8(2) నిబంధన కూడా అలాగే ఉంది. ఆ సమాచార హక్కు చట్టంలోనే 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకునే హక్కు పౌరులకు ఉన్నాయి. ఆ నకళ్లు చేతికందితే మీ వార్తకు ప్రభుత్వ ముద్ర ఉన్న ఆధారం దొరుకుతుంది, ఫొటోలు ఎవరు పంపారన్న ప్రశ్నకు ఎవరికీ పెద్దగా అవసరం మిగలదు. అప్పుడు టేపు పట్టుకుని మళ్లీ ఆ ఊరు వెళ్లండి, ఈసారి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని కూడా రమ్మని రాతపూర్వకంగా పిలవండి.